మడతన్న కూతురి రెండో ఏడాది

మా లాండ్రీలో మనుషుల్ని అసలు పేర్లతో పిలిచేది జీతాల రిజిస్టరు ఒక్కటే. ఆ రిజిస్టరు రాసే గుమాస్తాని నేనే కాబట్టి అందరి పేర్లూ నాకు తెలుసు. అయినా నేనూ వాటిని వాడను. మడతన్న అంటే మడతన్నే. ఇరవై రెండేళ్లుగా ఆసుపత్రి దుప్పట్లు మడతపెడుతున్నాడు. నాలుగు మూలలూ సరిగ్గా కలవకపోతే విప్పి మళ్లీ మొదలుపెడతాడు. బస్సు టికెట్టుని కూడా నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుంటాడని మావాళ్లు వెక్కిరించేవారు. వెక్కిరించడంలో నేనే ముందుండేవాణ్ణి.

మా పని బయటివాళ్లకి తెలియదు కనక కాస్త చెప్పాలి. పొద్దున్నే మూడు ఆసుపత్రుల నుంచి వ్యాన్లలో బట్టలు వస్తాయి. రక్తం అంటినవి, మందుల మరకలున్నవి, మామూలువి వేరువేరుగా ఏరి పోస్తారు. ఉతికి పిండాక దుప్పట్లు ఇస్త్రీ రోలరు దగ్గరికి చేరతాయి. అది మంచమంత పొడుగున్న ఇనప రోలరు, లోపలంతా ఆవిరి. ఈ వైపు ఇద్దరు తడి దుప్పటి అంచులు పట్టుకుని అందిస్తారు. ఆ వైపు ఇద్దరు పొగలు కక్కుతూ వచ్చే పొడి దుప్పటిని అందుకుని మడతపెడతారు. అందుకునే వైపు నిలబడ్డవాళ్లకి రెండేళ్లు తిరక్కుండానే వేళ్ల కొసలు మొద్దుబారిపోతాయి. మడతన్న సలసల కాగే టీ గ్లాసుని గుప్పిట్లో పట్టుకుని తాగేవాడు. అదేదో విద్య అయినట్టు కొత్తగా చేరినవాళ్లకి చేసి చూపించేవాడు కూడా, పిచ్చి మహానుభావుడు.

ఆయన భార్యని నేను వదినా అంటాను. చిరిగిన దుప్పట్లు ఇంటికి తీసుకెళ్లి కుట్టి తెచ్చేది. వాళ్లకి ఒక్కతే కూతురు. స్కూలు వదలగానే మా దగ్గరికే వచ్చేది. రోలరు దగ్గర వేడి కనక నా ఆఫీసు గదిలో, నా బల్లకి ఆ చివర కూర్చుని హోంవర్కు చేసుకునేది. నన్ను బాబాయ్ అని పిలిచేది. నాకు పిల్లల్లేరు. ఆ పిలుపు వింటే నాకు లోపల ఏమవుతుందో ఎవరికీ చెప్పుకోలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఒకరోజు అడిగింది, రక్తం మరకని ముందు చన్నీళ్లలోనే ఎందుకు నానబెడతారని. వేడినీళ్లలో వేస్తే మరక పోదని మాలో ప్రతివాడికీ తెలుసు. ఎందుకు పోదో ఒక్కడికీ తెలియదు. అదంతే అన్నాను నేను, పెద్దమనిషి తరహాలో. రెండు రోజుల తర్వాత తనే వచ్చి చెప్పింది. రక్తంలో ప్రొటీను ఉంటుందట. వేడి తగిలితే ఉడికిన గుడ్డులా గట్టిపడి దారాల్ని పట్టేసుకుంటుందట. బాయిలరు మనిషి, వ్యాను డ్రైవరు, ఆరబెట్టే మిషను చూసే డ్రయ్యరు అక్క అందరూ పని ఆపి విన్నారు. మడతన్న మొహం చేటంత అయింది. ఈ పిల్ల ఈ రోలరు ముఖం చూడకూడదని ఆ సాయంత్రం బస్టాపులో నాతో అన్నాడు. అందులో నాకూ వాటా ఉన్నట్టే తలూపాను.

పిల్ల తండ్రి మాట నిలబెట్టింది. మంచి కాలేజీలో కెమిస్ట్రీలో సీటు తెచ్చుకుంది. ఆ ఫీజు కట్టడం మడతన్న తరం కాదు. కానీ తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకి ఆ కాలేజీ పూర్తి ఫీజు, పుస్తకాల ఖర్చు ఇచ్చే పద్ధతి ఉంది. ఆదాయం ఒక గీతకి లోపల ఉండాలి. మొదటి ఏడాది మడతన్న రాసిచ్చిన కాగితం, స్కూలు హెడ్‌మిస్ట్రెస్ ఉత్తరం సరిపోయాయి. ఆ ఏడాదంతా పిల్ల రోజూ గంట బస్సు ఎక్కి వెళ్లి, గంట బస్సు ఎక్కి వచ్చింది. క్లాసులో రెండో స్థానంలో నిలిచింది. మొదటి స్థానం ఎందుకు రాలేదని నేను ఆటపట్టిస్తే, ఆ అమ్మాయి హాస్టల్లో ఉంటుంది బాబాయ్, బస్సులో నిలబడి చదవక్కర్లేదు అంది.

రెండో ఏడాదికి సాయం మళ్లీ రావాలంటే తండ్రి పనిచేసే చోటి నుంచి జీతం సర్టిఫికెట్, సీలు వేసిన కవర్లో, నేరుగా కాలేజీకి పంపాలన్నారు. మడతన్న వచ్చి నా బల్ల ముందు నిలబడి, కాలేజీకి సర్టిఫికెట్ కావాలి తమ్ముడూ అన్నాడు. అంతే అన్నాడు. నేను కూడా ఎందుకని అడగలేదు.

ఇక్కడే మా లాండ్రీ సంగతి ఒకటి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగానే ఉంది. మా దగ్గర జీతం సర్టిఫికెట్ ఎవరడిగినా నేను ఎక్కువే రాస్తాను. నాకు ముందున్న గుమాస్తా కూడా అలాగే రాసేవాడు. ఎందుకంటే మావాళ్లు ఆ కాగితం అడిగేది బ్యాంకు అప్పుకోసమో, అద్దె ఇల్లు దొరకడం కోసమో. ఉన్న జీతం రాస్తే బ్యాంకువాడు కుర్చీ కూడా చూపించడు. ఎక్కువ రాయండి అని ఎవరూ నోరు తెరిచి అడగరు. వచ్చి తల గోక్కుంటూ నిలబడతారు. నేను ఓవర్‌టైమ్ కలిపి, బోనస్ కలిపి, పైన నా దయ కూడా కొంచెం కలిపి రాస్తాను. యజమాని నెలాఖరున ఒక కట్ట కాగితాల మీద చూడకుండా సంతకాలు గిలికేస్తాడు. డ్రయ్యరు అక్క ఇల్లు, వ్యాను డ్రైవరు స్కూటరు, బాయిలరు మనిషి ఇంటి రెండో గది, ఇంకా పదిపదిహేను మంది అప్పులు నా చేతి రాత మీదే నిలబడి ఉన్నాయి. ఒక్కరు కూడా వాయిదా ఎగ్గొట్టలేదు. అందుకే దాన్ని తప్పని నేనెప్పుడూ అనుకోలేదు. పైగా ధర్మప్రభువులా ఫీలయ్యేవాణ్ణి.

మడతన్నకి సర్టిఫికెట్ రాస్తుంటే చెయ్యి మరీ ధారాళంగా కదిలింది. మా పిల్లని ఆ కాలేజీవాళ్లు చిన్నచూపు చూడకూడదనుకున్నాను. ఆ శీతాకాలం జ్వరాల వల్ల ఆసుపత్రుల పని రెట్టింపై మూడు నెలలు ఓవర్‌టైమ్ నడిచింది. దాన్ని పన్నెండు నెలలకి లెక్కేశాను. కవరు అతికించి, సీలు గుద్ది, నా చేత్తోనే పోస్టులో వేశాను. మడతన్న టీ ఇప్పించాడు. రెండు రోజులు నాకు నేనే నచ్చాను.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం పిల్ల లాండ్రీకి వచ్చింది. చేతిలో కాలేజీ ఉత్తరం. కుటుంబ ఆదాయం పరిమితి దాటినందువల్ల ఈ ఏడాది నుంచి సాయం ఆపేస్తున్నామని రాశారు. వేరే ఎవరి ఉత్తరమో తనకి వచ్చిందని పిల్ల అనుకుంది. ఆఫీసులో అడిగితే సర్టిఫికెట్ నకలు ఇచ్చారట. ఇది ఎవరిదో చూడండి బాబాయ్, నాన్న జీతం ఇంత ఎలా అవుతుంది అంటూ నా ముందు పెట్టింది.

నా అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని అందరూ మెచ్చుకుంటారు. ఆ ముత్యాలు గుర్తుపట్టడానికి నాకు ఒక్క క్షణం చాలు. నాదేనమ్మా అన్నాను. పిల్ల ఆ నకలు వంకా నా వంకా మార్చి మార్చి చూసింది. రోలరు అవతలి వైపు నిలబడి ఉన్న తండ్రి దగ్గరికి వెళ్లింది. రోలరు ఆపడానికి లేదు కనక దుప్పటి దుప్పటికీ మధ్య ఒక్కో ముక్క చెప్పింది. ఆయన అందుకుంటూ, మడుస్తూ, వింటూ ఉన్నాడు. ఒక దుప్పటి మూలలు కలవలేదు. ఆయన విప్పలేదు, అలాగే గుట్ట మీద వేసేశాడు.

ఉత్తరం చివర ఒక దారి కూడా చూపించారు. రెండు వారాల్లో అప్పీలు చేసుకోవచ్చు. సర్టిఫికెట్లో పొరపాటు ఉంటే, దాన్ని ఇచ్చినవాళ్లే వచ్చి చెప్పాలి, లేదా రాసివ్వాలి. ఆ తర్వాత కాలేజీ మా యజమానికి రాసి నిర్ధారించుకుంటుంది. అంటే మడతన్న వెళ్లి తన జీతం అంత లేదని నెత్తీ నోరూ కొట్టుకున్నా లాభం లేదు. ఆ మాట నేను చెప్పాలి. నేను చెబితే యజమానికి తెలుస్తుంది. యజమాని పాత సర్టిఫికెట్లన్నీ తీయిస్తాడు. ఆయనకీ, మావాళ్లకి అప్పులిచ్చిన బ్యాంకు మేనేజరుకీ రోజూ సాయంత్రం కలిసి నడిచే అలవాటు ఉంది. మిగతాది ఎవరికి వాళ్లు ఊహించుకోవచ్చు. మావాళ్లంతా ఊహించుకున్నారు కూడా.

మర్నాటి నుంచి రోలరు దగ్గర మాటలు తగ్గాయి. మడతన్నతో పదిహేనేళ్లు కలిసి భోజనం చేసిన డ్రయ్యరు అక్క తన డబ్బా తీసుకుని మిషన్ల వెనక్కి వెళ్లి తినడం మొదలుపెట్టింది. నాలుగో రోజు తనే వచ్చి ఆయన పక్కన కూర్చుంది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను.

"అన్నా, నీ పిల్ల నా పిల్ల కాదా? కానీ మా ఇల్లు పోతే మేం ఎక్కడికి పోతాం, నువ్వే చెప్పు" అంది.

మడతన్న డబ్బాలో ఉన్నది సగం ఆమెకి పెట్టాడు.

నేను మాత్రం మాటిచ్చాను. అది నేనే, ఎవరూ నా పీక మీద కూర్చోలేదు. బస్టాపులో నిలబడి, నేనే చేశాను అన్నా, నేనే దిద్దుతాను, ఆ ఒక్క సర్టిఫికెట్లోనే పొరపాటు పడ్డానని చెబుతాను, మిగతావాళ్ల జోలికి రానివ్వను అన్నాను. ఎలా రానివ్వవు అని ఆయన అడగలేదు. ఇంత మాత్రం అన్నాడు:

"నీ మాట నువ్వే చెప్పు తమ్ముడూ. చెప్తే పిల్ల చదువుకుంటుంది. చెప్పకపోతే నేను నీ మీద చెప్పను. ఆ మాట నా నోట్లోంచి రాదు."

ఆ వారం పిల్ల ఊరికే కూర్చోలేదు. కాళ్లరిగేలా తిరిగింది. ఫీజు వాయిదాల్లో కట్టనిస్తారా అని అడిగింది. ఇస్తారు, కానీ మొదటి వాయిదాకే మడతన్న ఐదు నెలల జీతం కావాలి. లైబ్రరీలో గంటల లెక్కన పని ఉందా అని అడిగింది. ఉంది, అది సాయం అందుకునే పిల్లలకే ఇస్తారు. ఏడాది ఆగి మళ్లీ వస్తే సీటు ఉంటుందా అంటే ఉండదన్నారు. వదిన తన కుట్టు మిషను అమ్ముదామంది. ఇనుపకొట్టువాడికి తప్ప ఎవరికీ అక్కర్లేని మిషను అది.

ఆదివారం నేను తాళం తీసుకుని ఆఫీసుకి వెళ్లాను. లాండ్రీ ఖాళీగా ఉంది. మంచి కాగితం తీసి ఉత్తరం రాశాను. ఫలానా వ్యక్తి అసలు జీతం ఇంత, ఓవర్‌టైమ్ లెక్కలో తప్పు పూర్తిగా నాది, ఇందులో ఆయన ప్రమేయం లేదు. సంతకం పెట్టాను. చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. నా రిటైర్మెంటుకి పద్నాలుగు నెలలుంది. ఉద్యోగం ఇప్పుడు పోతే చేతికి రావలసినవి ఏవీ రావు. మా ఆవిడ అంతా విని మీ ఇష్టం అంది. మా ఇంట్లో మీ ఇష్టం అంటే వద్దని అర్థం. ముప్పయ్యేళ్లలో ఆ మాటకి ఇంకో అర్థం రాలేదు.

అప్పీలు రోజు ముగ్గురం కలిసి వెళ్లాం. మడతన్న కొత్త చొక్కా వేసుకున్నాడు. పిల్ల మార్కుల కాగితాలు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఒళ్లో పట్టుకుంది. బస్సులో ఊగుతుంటే నేను రెండు మూడుసార్లు జేబు తడుముకున్నాను. కాలేజీలో మమ్మల్ని ఒక పొడుగాటి బల్ల ఉన్న గదిలో కూర్చోబెట్టారు. అవతల ఒక పెద్దావిడ, ఆమెకి చెరో పక్కా ఇద్దరు. ఆవిడ కసురుకునే మనిషయితే నాకు కాస్త సులువయ్యేది. మంచినీళ్లు తాగండి అని ముందుగా గ్లాసులు జరిపింది. పిల్ల మార్కులు చూసి, ఇలాంటి అమ్మాయిని వదులుకోవడం మాకూ ఇష్టం లేదండి అంది.

తర్వాత నకలు మడతన్న ముందు పెట్టింది.

"మీ జీతం ఇందులో రాసినంత నిజంగా ఉందా? తప్పుంటే చెప్పండి. సరిచేసే వీలుంది."

మడతన్న ఆ కాగితం చూడలేదు. నా వైపు తిరిగాడు. బతిమాలే చూపు కాదు, తొందరపెట్టే చూపూ కాదు. రోలరుకి ఈ వైపు నిలబడి అవతలివాడు అంచు అందుకునేదాకా ఆగుతారే, అలా ఆగాడు. చాలాసేపే ఆగాడు. నేను మంచినీళ్ల గ్లాసు చూస్తూ కూర్చున్నాను. పద్నాలుగు నెలలు, డ్రయ్యరు అక్క ఇల్లు, యజమాని మొహం అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. ఇప్పుడు వాటిని ఒక్కొక్కటే చెబుతుంటే కారణాల్లా వినిపిస్తాయి. అప్పుడు ఉన్నది భయం ఒక్కటే.

"నిజమేనండి" అన్నాడు మడతన్న.

ఆవిడ వెంటనే రాసుకోలేదు. నాకేసి చూసింది. మీరు లాండ్రీ తరఫున వచ్చారు కదా, మీరేమైనా చెప్పాలా అని అడిగింది. అంతకంటే తలుపు బార్లా తెరవడం ఎవరికీ చేతకాదు. నేను లేచి నిలబడ్డాను. నిలబడితే మాట వస్తుందనుకున్నాను.

"లేదండి" అన్నాను.

పిల్లని కూడా అడిగారు. నాన్న చెప్పారు కదండి అంది. మార్కుల కాగితాలు వరసగా సర్దుకుని, ముగ్గురికీ నమస్కారం పెట్టి లేచింది.

బయట వరండాలో మడతన్న బాత్రూమ్ ఎక్కడని అడిగి వెళ్లాడు. అక్కడ మొహం కడుక్కోవడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. నేనూ పిల్లా నోటీసు బోర్డు పక్కన నిలబడ్డాం. రెండో ఏడాది క్లాసుల టైంటేబుల్ అప్పటికే అంటించి ఉంది. పిల్ల దాన్ని పైనుంచి కిందిదాకా చదివింది. తర్వాత నా వైపు చూడకుండానే అడిగింది.

"మీ జేబులో ఉన్న ఉత్తరంలో నాన్న జీతం ఎంతని రాశారు బాబాయ్?"

బస్సులో నేను తడుముకోవడం చూసిందన్నమాట. ఆ గదిలో కూర్చున్నంతసేపూ తనకి తెలుసన్నమాట. ఆ కాగితం ఆ గదిలోకి వెళ్లిందని, బయటికి వచ్చిందని. అంకె చెప్పాను. అసలు అంకె.

"సరిగ్గానే రాశారు" అంది.

తిట్టి ఉంటే బాగుండేది. నా చేతులు పట్టుకుని ఏడ్చినా తట్టుకునేవాణ్ణి. అంతలో మడతన్న తడి మొహంతో వచ్చాడు. నాన్నా, రెండున్నర బస్సు దొరుకుతుంది, పదండి అని తండ్రి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నేను తర్వాతి బస్సుకి వచ్చాను.

యజమానికి ఏమీ తెలియలేదు. డ్రయ్యరు అక్క ఇంటికి రంగు వేయించుకుంది. రోలరు దగ్గర మళ్లీ అందరూ మాట్లాడుకుంటున్నారు. మడతన్న పక్కన అందుకునే రెండో మనిషి మానేస్తే, ఆ ఖాళీలో పిల్లని తీసుకున్నారు. చేర్చుకునే కాగితం రాసింది నేనే. పేరు, వయసు, చదువు. చదువు దగ్గర డిగ్రీ మొదటి సంవత్సరం అని రాసి చాలాసేపు కూర్చున్నాను. తండ్రి ఒక అంచు, కూతురు ఒక అంచు పట్టుకుని రోజుకి తొమ్మిది గంటలు దుప్పట్లు మడతపెడతారు. ఆమెకి చెయ్యి తిరిగింది, మూలలు చక్కగా కలుస్తాయి. మొదటి నెల వేళ్లకి బొబ్బలు లేచాయి. ఇప్పుడు లేవడం లేదు.

నా రిటైర్మెంటుకి ఇంకా ఐదు నెలలుంది. ప్రతి నెలా ఒకటో తారీకున జీతానికి ఆమె నా బల్ల ముందుకొస్తుంది. నేను రిజిస్టరు తిప్పి వేలితో చోటు చూపిస్తాను. సంతకం పెట్టి, వస్తాను బాబాయ్ అంటుంది. మునుపు ఎలా అనేదో ఇప్పుడూ అలాగే అంటుంది. ఆ పిలుపు మానేయమని అడిగే మొహం నాకు లేదు.